వెస్ట్ విండ్సర్, నేపర్‌విల్, ఫ్రిస్కో: డబ్బున్నవాళ్ళ ఊళ్ళే, కానీ మన పెద్దవాళ్ళకి ఏది నప్పుతుంది?

మాస్టారూ, నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు ఒడిశాలోని బరంపురంలో తెలుగు మీడియం హైస్కూల్లో చేసి రిటైరయ్యారు. అమ్మాయీ అల్లుడూ న్యూజెర్సీలో అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకుని ఉంటున్నారు, ఇద్దరు పిల్లలు. అల్లుడిగారి కంపెనీ మూడు చోట్ల ఎక్కణ్ణించైనా పనిచేసుకోమంది. ఇల్లు కొనడానికి న్యూజెర్సీలోనే వెస్ట్ విండ్సర్, చికాగో దగ్గర నేపర్‌విల్, డాలస్ దగ్గర ఫ్రిస్కో చూస్తున్నారు. "మూడూ డబ్బున్నవాళ్ళ ఊళ్ళే, మూడింట్లోనూ స్కూళ్ళు బ్రహ్మాండమే అంటున్నారు. మరి తేడా ఎక్కడుంది? వీటికింత మోజెందుకు? ఏటా ఐదారు నెలలు వెళ్ళి ఉండబోయే మా ఇద్దరికీ ఎక్కడ బావుంటుంది?" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. పిల్లల చదువు ఒక్కటే చూస్తే మూడింట్లో ఏదైనా ఒకటే. తేడా అంతా పన్నులో, ఆఫీసు ప్రయాణంలో, పగలంతా ఇంట్లో ఉండేవాళ్ళు కారు లేకుండా ఎందాకా వెళ్ళగలరన్నదాంట్లో ఉంది. మీరు చెప్పిన పరిస్థితికి నా ఓటు నేపర్‌విల్‌కి. అదీ పాత ఊరి నడిబొడ్డుకి నడిచి వెళ్ళేంత దగ్గర్లో, చిన్నదైనా సరే, ఇల్లు దొరికితేనే. దొరక్కపోతే వెస్ట్ విండ్సర్‌లో రైలు స్టేషన్ వైపు. ఫ్రిస్కో నా లెక్కలో మూడోది. మీ అమ్మాయి లెక్కలో అదే మొదటిది కావచ్చు, దానికీ కారణాలున్నాయి, చెప్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో: పుట్టి పెరిగింది బరంపురం గోసాని నువాగాం. అమెరికాలో మొదట చికాగో శివార్లలో, తరవాత న్యూజెర్సీలో ఇళ్ళ అమ్మకాల ఏజెంటుగా చేశాను. లైసెన్సు వదిలేసి వచ్చి ఇప్పుడు లంజిపల్లి వైపు ఉంటున్నాను. డాలస్‌లో అమ్మకాలు చెయ్యలేదు గానీ మన గంజాం, గజపతి, రాయగడ జిల్లాల పిల్లలు అక్కడ కొన్న ఇళ్ళ కాగితాలు వాట్సాప్‌లో వస్తూనే ఉంటాయి, చూసి పెడుతుంటాను. లైసెన్సు వదిలేశానని ఎందుకు చెప్తున్నానంటే, అది ఉన్నన్నాళ్ళూ ఈ జవాబు ఇలా రాసేవాణ్ణి కాదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతీ మతం చూసి కొనేవాణ్ణి ఒక వీధి వైపు నడిపించడం అక్కడ చట్టవిరుద్ధం. "అక్కడ మనవాళ్ళెక్కువ, అటు తీసుకోండి" అని ఏజెంటు అనకూడదు. స్కూళ్ళ గురించి అడిగితే చాలామంది ఓ వెబ్‌సైట్ పేరు చెప్పి ఊరుకుంటారు. మీ అమ్మాయికి ఏజెంటు దగ్గర సరైన సమాధానం రాలేదని రాశారు కదా, ఆయనకి తెలీక కాదు.

ఇక మోజు సంగతి. అక్కడ సర్కారు బడిలో సీటు మార్కులతోనో సిఫార్సుతోనో రాదు, ఇంటి అడ్రసుతో వస్తుంది. ఆ బడి ఖర్చులో పెద్ద వాటా ఆ ఊళ్ళో ఇళ్ళ మీద వేసే పన్నే. దాంతో ఖరీదైన ఇళ్ళున్న చోట బడికి డబ్బు, బడి బావుందని ఇళ్ళకి గిరాకీ, గిరాకీతో మళ్ళీ ధర. బడి పరిధి గీతకి ఇవతల ఇల్లు ఒక ధర, రోడ్డు దాటి అవతల అలాంటి ఇల్లే ఇంకో ధర. మీ వాళ్ళు కొంటున్నది నాలుగు పడకగదులని అనుకోకండి, ఆ గీతకి ఇటువైపు చోటు కొంటున్నారు.

అయితే వెబ్‌సైట్లు బడులకి వేసే మార్కులు బడి గొప్పతనమేనా? మీకు నేను చెప్పాలా మాస్టారూ. ఇంట్లో చదివించేవాళ్ళున్న పిల్లాడు ఏ బెంచీలో కూర్చున్నా చదువుతాడని మీరు జీవితమంతా చూసినవారు. ఈ మూడు ఊళ్ళలో తల్లిదండ్రులు ఇంజినీర్లు, డాక్టర్లు, ఫార్మా కంపెనీల వాళ్ళు. వెబ్‌సైట్ పదికి పది వేస్తే అందులో సగం ఈ తల్లిదండ్రులకి వేసినదే. అందుకే తొమ్మిది వచ్చిన బడికీ పది వచ్చిన బడికీ తేడా కోసం లక్ష డాలర్లు ఎక్కువ పెడతానంటే నేను వద్దంటాను.

ఇంకో వైపు కూడా తెలిసుండాలి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక సైనికులకి చవగ్గా ఇళ్ళంటూ 1947లో న్యూయార్క్ పక్కన లెవిట్‌టౌన్ మొదలైంది. అమెరికా శివారు ఊళ్ళకి నమూనా అదే. నల్లవాళ్ళకి ఇవ్వకూడదని దాని కాగితాల్లోనే రాసుకున్నారు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని 1948లో సుప్రీంకోర్టు అంది, 1968లో చట్టం వచ్చింది. ఆ తరవాత మనిషిని ఆపే పని స్థలం కొలత చేసింది. ఇంటికి కనీసం ఇంత స్థలం ఉండాలి, అపార్ట్‌మెంట్లు కట్టకూడదు అని ఊరు రూలు పెట్టుకుంటే పేదవాడు ఎవరూ ఆపకుండానే రాలేకపోతాడు. న్యూజెర్సీ సుప్రీంకోర్టు మౌంట్ లారెల్ కేసులో 1975లో ఇది చెల్లదంది, ప్రతి ఊరూ తక్కువ ఆదాయం వాళ్ళకీ చోటు చూపించాలంది. ఇప్పటికీ ఆ లెక్క కింద వెస్ట్ విండ్సర్ లాంటి ఊళ్ళలో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, "స్కూళ్ళు నిండిపోతాయి" అని గోల చేసేవాళ్ళలో నిన్న మొన్న వచ్చిన మనవాళ్ళూ ఉంటున్నారు. నాకు వాళ్ళ మీద పెద్ద సానుభూతి లేదు.

ఈ స్థలం రూళ్ళ వల్లే మీకు అసలు ఇబ్బంది. మన బరంపురం బడా బజార్లో కింద దుకాణం, పైన కాపురం. అప్పడాలు చేసే ఇంటి పక్కనే కిరాణా కొట్టు, దాని పక్కన డాక్టరు. అక్కడ ఇళ్ళ మధ్య దుకాణం పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. కొత్తిమీర కట్టకి కారు తియ్యాలి. పగలు పదకొండింటికి ఆ వీధిలో నిలబడి చూడండి: గరాజ్ తలుపులన్నీ దించేసి ఉంటాయి, గడ్డి కోసేవాళ్ళ మిషన్ల రొద, కొరియర్ వ్యాను ఒకటి. మనవడి స్పోర్ట్స్ బూట్లు తొడుక్కుని, మంకీ క్యాప్ పెట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళి అదే వీధిలో వెనక్కి వచ్చే పెద్దాయన ఒకరు కనిపిస్తారు. వీధి అక్కడితో ఆగిపోతుంది, అవతలికి దారి ఉండదు. కార్లు వడిగా రాకూడదని కావాలనే అలా వేస్తారు. పిల్లలు సైకిలు తొక్కడానికి బావుంటుంది. మీకు మాత్రం మూడో వారానికి ఆ వీధిలో ఇళ్ళ నంబర్లన్నీ కంఠతా వచ్చేస్తాయి.

అందుకే నేనెప్పుడూ ఒకటే అంటాను. ఊరి పేరు చూడకండి, ఆ ఇంటి గుమ్మం నుంచి పదిహేను నిమిషాల నడకలో ఏముందో చూడండి. లైబ్రరీ, పార్కు, కాఫీ కొట్టు, ఇండియన్ గ్రోసరీ, బస్సు, వీటిలో రెండు తగిలినా మీ ఐదు నెలలు గడిచిపోతాయి. ఒక్కటీ తగలకపోతే ఎంత పెద్ద ఇల్లయినా అల్లుడిగారు ఆఫీసు మీటింగు ముగించేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చోవడమే.

నేపర్‌విల్ నాకు నచ్చేది ఇందుకే. అది 1831 నాటి ఊరు, లేఅవుట్‌గా పుట్టింది కాదు. నడిబొడ్డున డ్యూపేజ్ నది ఒడ్డంట ఇటుకల బాట, రివర్‌వాక్ అంటారు. ఊరికి నూటయాభై ఏళ్ళు నిండినప్పుడు, 1981లో, స్థానికులు పూనుకుని మొదలుపెట్టిందది. పక్కనే నికల్స్ లైబ్రరీ, దుకాణాలు, కొంచెం ఉత్తరంగా రైలు స్టేషన్. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముప్పావుగంటలోపే చికాగో యూనియన్ స్టేషన్. పర్లాకిమిడి నుంచి వెళ్ళిన ఒక పెద్దాయన కొడుకు అక్కడ టౌన్‌హౌస్ (పక్కింటితో గోడ కలిసిన ఇల్లు) తీసుకున్నాడు. అదే డబ్బుకి ఊరి దక్షిణాన దానికి రెట్టింపు ఇల్లు వచ్చేది, కోడలికి ఇప్పటికీ ఆ బెంగ ఉంది. పెద్దాయన మాత్రం పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళి పేపరు చదివి, నది ఒడ్డున ఓ చుట్టు తిరిగి, భోజనాల వేళకి వస్తాడు. ఎవర్నీ దింపమని అడగక్కర్లేదు. బాలాజీ గుడి పక్క ఊరు అరోరాలోనే ఉంది, దానికి మాత్రం కారు కావాలి.

నేపర్‌విల్లో చూసుకోవాల్సినవి రెండు. ఊరు ఒకటే అయినా బడి జిల్లాలు, అంటే సర్కారు బళ్ళని నడిపే పరిధులు, వేరు: ఉత్తరాన, మధ్యలో 203, పడమర దక్షిణాల్లో చాలాభాగం 204, అట్టడుగున కొంత ప్లెయిన్‌ఫీల్డ్ 202. 203, 204 రెండూ మంచివే, వాటి మధ్య జుట్లు పట్టుకునే వాట్సాప్ గ్రూపుల్ని పట్టించుకోకండి. రెండోది చలి. డిసెంబరు నుంచి మార్చి దాకా మీరు అక్కడ ఉండకూడదు. మంచు గడ్డకట్టిన మెట్టు మీద కాలు జారి తుంటి విరిగిన పెద్దవాళ్ళు నాకు తెలుసు. ఏప్రిల్ చివర్లో వెళ్ళి అక్టోబరులోపు వచ్చెయ్యండి. మన మే నెల ఉక్కపోత కూడా తప్పుతుంది.

వెస్ట్ విండ్సర్‌కి నడిబొడ్డంటూ లేదు, అదొక టౌన్‌షిప్, అంటే కాలనీలన్నీ ఒకే పాలన కింద ఉండే ప్రాంతం. దానికున్న బలం ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్: న్యూయార్క్ గంట, గంటంపావు. స్టేషన్ దగ్గర శనివారాలు రైతుబజారు పెడతారు, మెర్సర్ కౌంటీ పార్కులో చెరువు పక్కన మంచి నడక. ఇండియన్ దుకాణాలుండే ఎడిసన్ ఓక్‌ట్రీ రోడ్డు కారులో ముప్పావుగంటలోపు, బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి కూడా దాదాపు అంతే. పిల్లల స్నేహితులు మారరు, మీ అమ్మాయి ఉద్యోగం మారదు. ఇవి చిన్న విషయాలు కావు.

అక్కడ ఒక మెలిక ఉంది. ప్రకటనలో "ప్రిన్స్‌టన్" అని ఉన్నంత మాత్రాన అది ప్రిన్స్‌టన్ కాదు. పోస్టాఫీసు పరిధి వేరు, ఊరి పరిధి వేరు. 08540 పిన్‌కోడ్‌తో వెస్ట్ విండ్సర్ ఇళ్ళున్నాయి, ప్లెయిన్స్‌బరో ఇళ్ళున్నాయి, సౌత్ బ్రన్స్‌విక్ ఇళ్ళూ ఉన్నాయి. పన్ను ఏ ఊరికి కడుతున్నారో ఆ బిల్లు చూస్తేగాని తేలదు. ఇక చదువు ఒత్తిడి. వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో జిల్లాలో 2015లో అప్పటి సూపరింటెండెంట్ పిల్లల మీద ఒత్తిడి మితిమీరిందని తల్లిదండ్రులకి పెద్ద ఉత్తరం రాశారు, హైస్కూల్లో మధ్య పరీక్షలూ ఫైనల్ పరీక్షలూ తీసేశారు. దాని మీద ఊరు రెండుగా చీలింది. మన ఆసియా తల్లిదండ్రులు చాలామంది "చదువు తగ్గించేస్తున్నారు" వైపే నిలబడ్డారు. మీ పెద్ద మనవరాలు సుకుమారంగా, భయస్తురాలిగా ఉంటుందని రాశారు కాబట్టి చెప్తున్నాను. అందరూ ముందు వరుసలో ఉండే బడిలో వెనక బెంచీ పిల్లకి దిగులు ఎక్కువ.

ఇప్పుడు ఫ్రిస్కో. జనాభా లెక్కలు చూడండి: 2000లో 33,714, 2010లో 1,16,989, 2020లో 2,00,509. అంటే అక్కడ దాదాపు అందరూ వలస వచ్చినవాళ్ళే, దాదాపు అందరికీ ఒకే వయసు పిల్లలు. స్నేహాలు తొందరగా కలుస్తాయి. ఇల్లు కొత్తది, పెద్దది. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఊళ్ళోనే. తెలుగు సంగతి చెప్పక్కర్లేదు: దుకాణంలో, పార్కులో, డాక్టరు దగ్గర తెలుగే. మనకి ఇది విచిత్రంగా ఉంటుంది. బరంపురంలో మన పిల్లలు బయట ఒడియా, బడిలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఫ్రిస్కోలో వీధిలో కూడా తెలుగే. గుళ్ళో "మీదే జిల్లా?" అని అడుగుతారు, గంజాం అంటే "అయితే మీరు ఒరియావాళ్ళా?" అంటారు. దానికి మాత్రం సిద్ధపడి వెళ్ళండి. ఒడియా సంఘం వాళ్ళు కూడా మనల్ని వాళ్ళ లెక్కలో వేసుకుని పిలుస్తారు కాబట్టి, పండగ భోజనాలు రెండు చోట్లా దక్కుతాయి.

ఆదాయపు పన్ను టెక్సాస్‌లో రాష్ట్రానికి సున్నా. ఇల్లినాయ్‌లో అందరికీ 4.95 శాతం. న్యూజెర్సీలో జీతం పెరిగేకొద్దీ పెరుగుతుంది. ఇది చూసే పిల్లలు టెక్సాస్ అంటారు. కానీ ఇంటి పన్ను మూడు చోట్లా గట్టిదే. ఊరిని బట్టి అటూ ఇటూ అయినా, ఏటా ఇంటి విలువలో రెండు శాతం వేసుకోండి. 8 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 16,000, అంటే నెలకి 1,300 పైమాటే. అప్పు తీరినా ఈ పన్ను తీరదు. బరంపురంలో మనం కట్టే హోల్డింగ్ టాక్స్ అలవాటుతో దీన్ని ఊహించుకోకూడదు.

టెక్సాస్ కొత్త ఇళ్ళతో ఇంకో చిక్కు. మన గేట్ బజార్ వాళ్ళబ్బాయి ఫ్రిస్కోకి పైన కొత్త లేఅవుట్లో కొన్నాడు. మొదటి ఏడాది, పన్నుతో కలిపి కట్టే నెలవారీ కిస్తీ హాయిగా ఉంది. రెండో ఏడాది బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది, కిస్తీ వందల డాలర్లు పెరిగింది, దానికి తోడు పాత బాకీ. ఏమైందంటే, జనవరి 1న ఆ చోటు ఎలా ఉందో చూసి పన్ను వేస్తారు. అప్పటికది ఖాళీ స్థలం కాబట్టి మొదటి బిల్లు స్థలానికే వచ్చింది. రెండో బిల్లు ఇంటితో కలిపి వచ్చింది. ఇందులో మోసమేమీ లేదు, అక్కడి లెక్కే అంత. అమ్మేవాడు మాత్రం చిన్న బిల్లే చూపిస్తాడు. మీ అమ్మాయి కొత్త ఇల్లు చూస్తుంటే కట్టడం పూర్తయ్యాక పన్నెంతో అడగమనండి, రోడ్లకీ నీళ్ళకీ లేఅవుట్ మీద విడిగా వేసే పన్నేమైనా ఉందేమో కూడా. అక్కడే నివాసం ఉంటున్నామని ఇంటి పన్నులో హోమ్‌స్టెడ్ మినహాయింపు రాయించుకోవడం మరిచిపోయేవాళ్ళూ ఉన్నారు.

ఆ నేల కూడా వేరు. బంకమట్టి, వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. వేసవిలో పునాది చుట్టూ చిల్లుల పైపు పరిచి నీళ్ళు పెడతారు. మొక్కలకి కాదండీ, ఇంటికి. వడగళ్ళ వానకి పైకప్పులు పోతుంటాయి, అందుకే ఇన్సూరెన్సు ఎక్కువ. ఇక బడి గీతలు: ఫ్రిస్కో అడ్రసున్న ఇల్లు ఫ్రిస్కో జిల్లాలోనే ఉంటుందని లేదు, ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ జిల్లాల్లోకీ పోవచ్చు. డాలస్ వైపు రైళ్ళూ బస్సులూ నడిపే డార్ట్‌లో ఫ్రిస్కో సభ్యత్వం లేదు. జులై, ఆగస్టుల్లో 38 దాటిన ఎండలో, ఇంకా చెట్లు పెరగని వీధిలో, మీరు పొద్దున్న ఏడులోపు నడిచి ఇంట్లో పడాల్సిందే. ఇళ్ళ వెనక ఆరడుగుల చెక్క కంచెలు, పక్కింటివాళ్ళ తల కూడా కనపడదు. ఇవన్నీ పిల్లల జీవితానికి అడ్డేమీ కాదు. అందుకే వాళ్ళకి అది మొదటిది కావచ్చన్నాను.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. అల్లుడిగారు హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉంటే, ఉద్యోగం పోయాక ఇంకోటి చూసుకోవడానికి ఇచ్చే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. అప్పుడు ఇల్లు అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా వీలుండాలి. కొన్ని లేఅవుట్ల సంఘాలు అద్దెకివ్వడానికి అడ్డు చెప్తాయి, ఆ రూళ్ళ పుస్తకం సంతకానికి ముందే చదవాలి. గ్రీన్‌కార్డు వస్తే ఇది పెద్ద బెంగ కాదు.

మీ ఆరోగ్యం గురించి క్లుప్తంగా: విజిటర్ వీసా మీద వెళ్ళేవాళ్ళకి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ వర్తించదు. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బుల్ని చాలావరకు పక్కన పెడతాయి. బీపీ, షుగర్ మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా ఇక్కణ్ణించే తీసుకెళ్ళండి, పళ్ళూ కళ్ళూ ఇక్కడే చూపించుకోండి. ఊళ్ళ ఎంపికకీ దీనికీ సంబంధం లేదు, మూడు చోట్లా ఇదే.

అయితే ఈ ఊళ్ళు కొనాల్సినవేనా అన్నారు. పిల్లలు బడికి పోయే పన్నెండేళ్ళకి, అవును, ఇద్దరి జీతాలుంటే. చేతికి అందే ఇంటి కన్నా ఒక మెట్టు తక్కువది తీసుకుంటేనే. నేను చూసిన తెలుగు కుటుంబాల్లో బాధపడినవాళ్ళు ఊరు తప్పు ఎంచుకున్నవాళ్ళు కారు. ఇల్లు మరీ పెద్దది తీసుకుని, ఇద్దరూ ఉద్యోగం మానలేని చోట ఇరుక్కున్నవాళ్ళు. రాయగడ అమ్మాయి ఒకామె వెస్ట్ విండ్సర్ వదిలేసి ఓక్‌ట్రీ రోడ్డుకి నడిచేంత దగ్గర్లో మామూలు ఇల్లు కొంది. బడికి వెబ్‌సైట్లో ఏడు. వాళ్ళమ్మ కూరగాయలకి తనే వెళ్ళొస్తుంది, గుజరాతీ ఆవిడ ఒకామె జత కలిసింది, ఈసారి ఆర్నెల్లూ పూర్తిగా ఉండి వచ్చింది. అంతకుముందు పెద్దబ్బాయి దగ్గర, ఇంతకు మూడింతల ఇంట్లో, రెండు నెలలకే టిక్కెట్టు మార్చమని ఏడ్చిన మనిషే.

తొందర లేకపోతే ఎంచుకున్న ఊళ్ళోనే ఒక ఏడాది అద్దెకుండి, ఆ ఏడాదిలో మీరోసారి వెళ్ళి చూసొచ్చాక కొనమనండి. ఆలోగా అమ్మాయి చూస్తున్న ఇళ్ళ వీధుల పేర్లు, ఇంటి నంబర్లు లేకుండా, ఇక్కడే కింద రాయండి. ఏది ఏ బడి జిల్లా కిందకి వస్తుందో, నడక దూరంలో ఏముందో చూసి చెప్తాను. నేపర్‌విల్‌వి ముందు పెట్టండి, అక్కడి వీధులు నాకు బాగా తెలుసు.